గోస్తనీ తీరమున సైకిలు ప్రయాణము

సెలవునాడు సైకిలు మీద ఊరి బయటకు పోయి వత్తుమని ఇంటిలోని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు సందేహించుట సహజము. విశాఖపట్టణము వంటి ఊరిలో ఆ సందేహమునకు తగిన కారణమే కలదు. 1933లో ఓడరేవు తెరచిన నాటినుండి ఈ పట్టణపు దారులు బరువు మోయుటకు అలవాటుపడినవి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆ బరువు ఇనుమడించినది. ఖనిజము, బొగ్గు, ఉక్కు, ఎరువులు మోయు లారీల నడుమ సైకిలు తొక్కువానికి మిగులు చోటు జానెడు మాత్రమే.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. వారిలో 61,038 మంది జాతీయ రహదారుల మీద మరణించినవారు. దేశములోని రోడ్ల మొత్తము పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. మరణములలో మాత్రము వాటి వాటా నూటికి ముప్పదియారు. ఈ లెక్కను నిదానముగా ఆలోచించినచో ఒక సంగతి బోధపడును. సైకిలు ప్రయాణములోని అపాయము సైకిలులో కంటె మనము ఎంచుకొను దారిలోనే ఎక్కువగా ఉన్నది. దారిని మార్చుకొన్నచో అపాయములో అధిక భాగము తొలగును. కనుక దారిని ఎట్లు నిర్ణయించుకొనవలెనో మన పొరుగున ఉన్న గోస్తనీ నది లోయను ఆధారము చేసికొని వివరింపదలచినాము.

గోస్తని పెద్ద నది కాదు. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ పారి, తాటిపూడి జలాశయమున కొంత విశ్రమించి, జామి మీదుగను పద్మనాభము చెంతగను ప్రవహించి, చిట్టివలస దాటి భీమునిపట్టణమువద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. గుహలోని సున్నపురాయి నీటి బొట్లతో పెరిగి ఆవు పొదుగు ఆకారము దాల్చినదనియు, దానినుండి వెడలినది కనుక ఈ పేరు వచ్చినదనియు చెప్పుదురు. 1960వ దశకమున కట్టిన తాటిపూడి జలాశయము పొలములకు నీరిచ్చుటయే గాక విశాఖ నగరమునకు త్రాగునీరు కూడ అందించుచున్నది. మన ఇంటి కొళాయిలో వచ్చు నీటిలో కొంత ఈ నదిదే.

నదిని అనుసరించి పోవుటలో సైకిలువానికి ఒక లాభము కలదు. ఇట్టి లోయలో నది సాధారణముగా మెల్లని వాలున పారును. నదీ లోయలోని పల్లెదారులు కూడ ఇంచుమించుగ అట్లే సాగును. కొండనెక్కు శ్రమ తక్కువ. ఊరికిని ఊరికిని దూరము స్వల్పము. చెరువు, కొబ్బరితోట, జీడిమామిడితోట, తాటివనము ఏదో ఒకటి నీడనిచ్చును. అంతకంటె ముఖ్యమైనది, త్రోవ తప్పినవాడు ఏటి గట్టు చేరినచో తానెక్కడ ఉన్నదీ తెలిసికొనగలడు.

దారి నిర్ణయమునకు మొదటి సాధనము పటము. భారత సర్వే శాఖవారి 1:50,000 కొలత పటములో నేలమీది ఒక కిలోమీటరు రెండు సెంటీమీటర్లుగా కనుపించును. అందు నీలము నీటికి, ఆకుపచ్చ అడవికి, పసుపు సాగుభూమికి గుర్తులు. గోధుమరంగు గీతలు ఎత్తును తెలుపును. ఆ గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట కొండ నిటారుగా ఉన్నదని గ్రహింపవలెను. చేతిఫోనులోని పటము నేటి రోడ్లను బాగుగ చూపును గాని, చెరువు గట్టు మీది బాటను, పొలముల నడుమ బండిదారిని పలుమారులు విడిచిపెట్టును. అందుచేత రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచుకొని చూచుట మేలు.

పటము మీద ముందుగా వదలవలసిన దారులను గుర్తింపవలెను. తగరపువలస వద్ద నదిని దాటుచున్న 16వ నంబరు జాతీయ రహదారి వాటిలో మొదటిది. దాని వెంబడి పోవుట కూడదు. దాటక తప్పనిచోట ఒక్క చోటనే, అడుగు వంతెన గాని నాలుగు రోడ్ల కూడలి గాని చూచుకొని, సైకిలు దిగి నడిపించుకొని దాటవలెను. శృంగవరపుకోటనుండి అరకులోయకు పోవు ఘాటు రోడ్డు కూడ అట్టిదే. అది చూచుటకు ముచ్చటగా ఉండును గాని ఇరుకైన మలుపులు, శీతకాలపు సెలవులలో విహారయాత్రికుల వాహనములు దానిని సైకిలుకు పనికిరానిదిగా చేయుచున్నవి. విశాఖనుండి భీమిలికి పోవు సముద్రతీరపు రోడ్డు తెల్లవారుజామున ప్రశాంతముగా ఉండును. ఆదివారము ప్రొద్దెక్కినకొలది కార్లతో నిండిపోవును. దానిని పోవునప్పుడు మాత్రమే వాడి, వచ్చునప్పుడు లోపలి పల్లెదారిని పట్టుట తెలివైన పని.

వదలవలసినవి వదలగా మిగిలినవి పంచాయతీ రోడ్లు, గ్రావెలు పరచిన దారులు, కాలువ గట్లు, బండిదారులు. వీటిని కలుపుకొనుచు పోయినచో ఒక చుట్టుదారి ఏర్పడును. వచ్చిన దారినే మరలిపోవుటకంటె చుట్టుదారి మేలు. కాని ప్రతి పది కిలోమీటర్లకును బస్సు రోడ్డు చేరగల అడ్డదారి ఒకటి గుర్తుంచుకొనవలెను. సైకిలు చెడినను, మనిషి అలసినను ఇల్లు చేరుటకు అదియే ఆధారము.

ఇట్టి దారులకు విలువగల కొత్త సైకిలు కావలెనని కొందరు అనుకొందురు. ఇంగ్లాండులో 1955లోనే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అను సంఘము ఏర్పడి, మామూలు సైకిళ్ళ మీదనే కొండబాటలను, మట్టిదారులను తిరిగినది. నేడు గ్రావెలు సైకిలు పేరుతో అమ్ముచున్న బండ్ల టైరు వెడల్పు సాధారణముగా 35 మొదలు 45 మిల్లీమీటర్ల వరకు ఉండును. మన పాలవారు, చేపలవారు, తాపీపనివారు తరతరములుగా తొక్కుచున్న 28 అంగుళముల చక్రపు సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళము, అనగా దాదాపు 40 మిల్లీమీటర్లు. మన పల్లెదారికి తగిన చక్రము మన వసారాలోనే ఉన్నది. అయితే ఇనుప రిమ్ము, కడ్డీ బ్రేకు గల బండి తడిసినప్పుడు త్వరగా ఆగదని మరువరాదు. కంకరమీద టైరులో గాలి కొంచెము తగ్గించినచో పట్టు పెరిగి కుదుపు తగ్గును. మరీ తగ్గించినచో రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి తెగును. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. వదులు కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టరాదు. చెరువు గట్ల మీద సర్కారుతుమ్మ ముళ్ళు, బీడు భూములలో పల్లేరుకాయలు ట్యూబునకు శత్రువులు. కనుక అదనపు ట్యూబు, గాలిపంపు, రెండు టైరులివర్లు లేనిదే బయలుదేరరాదు.

ఇక కాలము సంగతి. మన తీరమున మార్చినుండి వర్షాకాలము ముగియు వరకు నైరుతి గాలి ప్రబలముగా ఉండును. విశాఖనుండి భీమిలి ఈశాన్యముగా ఉన్నందున, ఆ నెలలలో పోవునప్పుడు గాలి వీపు తట్టి, అలసిన వేళ ఎదురు నిలుచును. శీతకాలపు ఈశాన్య గాలిలో ఇది తారుమారగును. ముందు ఎదురుగాలిని భరించి, తిరుగు ప్రయాణమునకు అనుకూలపు గాలిని దాచుకొనుట మంచిది. కనుక ఈ దారికి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు మిక్కిలి అనువైనవి. అక్టోబరు, నవంబరులు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను విశాఖవాసులు ఎవరు మరువగలరు? వాతావరణ వార్త వినక ఆ నెలలలో బయలుదేరరాదు. కొండలలో వాన కురిసినచో ఎండ కాయుచున్నచోట సైతము గెడ్డ పొంగి రావచ్చును. కాజ్‌వే మీద నీరు పారుచున్నచో, దాని లోతు మోకాలి దిగువనే అని తోచినను, దిగక వెనుకకు మరలవలెను.

కాలము లెక్క వేయుట సులభము. నలువది కిలోమీటర్ల చుట్టుదారిలో సగము మట్టిదారి, సగము తారు రోడ్డు అనుకొందము. మట్టిమీద గంటకు పది కిలోమీటర్ల చొప్పున రెండు గంటలు. తారుమీద గంటకు పదునైదు చొప్పున గంటా ఇరువది నిమిషములు. విశ్రాంతికి ఒక గంట. మొత్తము నాలుగు గంటల ఇరువది నిమిషములు. ఉదయము ఆరింటికి బయలుదేరినచో పదిన్నర లోపల ఇల్లు చేరవచ్చును. సాయంకాలపు ప్రయాణము పెట్టుకొనువారు నవంబరులో మన ఊరికి ఐదున్నర లోపలనే సూర్యుడస్తమించునని గుర్తుంచుకొనవలెను. గంటకు అర లీటరునకు తక్కువ కాకుండ నీరు త్రాగవలెను. ఎండ ముదిరిన దినములలో ఉప్పు కలిపిన మజ్జిగ అంతకంటె మేలు చేయును.

దారిలో చూడదగినవి కొల్లలు. భీమునిపట్టణమున డచ్చివారి పాత సమాధులు, పావురాలకొండ మీద బౌద్ధ శిథిలములు ఉన్నవి. చిట్టివలసలో 2009లో మూతబడిన జనపనార మిల్లు ఒక ఊరి బ్రతుకు కథను చెప్పును. పద్మనాభములో వెయ్యికి పైగా మెట్లెక్కినచో అనంతపద్మనాభస్వామి ఆలయమునుండి లోయ యావత్తు కనుపించును. ఆ కొండ దిగువనే 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరి నేలకొరిగెను. భీమిలి త్రోవలోని ఎర్రమట్టి దిబ్బలను మాత్రము దూరమునుండి చూచి తృప్తిపడవలెను. వేలాది సంవత్సరములుగా గాలియు నీరును మలచిన ఆ ఇసుక మెత్తనిది. చక్రపు జాడ పడినచోట వాననీరు కాలువ కట్టి దానిని కోసివేయును.

చివరగా ఒక మాట. ఈ దారులు ప్రశాంతముగా ఉన్నవి కనుక నిర్జనములని తలపరాదు. అవి పనిచేయు మనుష్యుల దారులు. సంక్రాంతి ముందు రైతు అదే దారిమీద చోళ్ళును, నువ్వులును ఆరబోసికొనును. అక్కడ సైకిలు దిగి ప్రక్కగా నడచుట మన ధర్మము. జలాశయపు గట్టు మీదికి పోవుటకు కావలివారిని అడుగవలెను. తోటలో అడ్డముగా వేసిన కంచెను తీసినవారే తిరిగి వేయవలెను. పశువులు ఎదురైనచో గంట మ్రోగించి బెదరింపక ఆగవలెను.

నగరము ఏటేటా ఉత్తరముగా పెరుగుచున్నది. పటములోని బండిదారి కొన్ని చోట్ల ఇండ్ల స్థలముల గోడవద్ద ఆగిపోవును. కొన్ని చోట్ల క్వారీ లారీల దారిగా మారును. అందుచేత నిరుడు పోయిన దారిని ఈ యేడు మరల విచారించిన పిమ్మటనే పట్టవలెను. ఇట్టి విచారణకు పల్లెలోని టీ దుకాణమును మించిన కార్యాలయము లేదు. "బాబూ, ఈ దారిన లారీలు తిరుగునా, గెడ్డ దాటగలమా?" అని అడిగినచో సరియైన జవాబు దొరకును. ఆ దారిన నిత్యము సైకిలు తొక్కువారు అక్కడనే కూర్చుండి ఉందురు. నలుగురు కలిసి, పెద్దలలో ఒకరు తోడుగా, ఇంట దారి చెప్పి బయలుదేరిన పిల్లలను గూర్చి బెంగపడవలసిన పని తక్కువ. ఒక ఉదయము వెచ్చించినచో మన కొళాయి నీరు ఏ పొలముల నడుమ, ఏ ఊళ్ళ చెంత పారి వచ్చుచున్నదో వారు తమ కన్నులతో చూతురు.