ఏ పెట్టె కొనాలి? - తెలుగు ఛానళ్ళు, స్ట్రీమింగ్ పరికరాలు

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో ఈ ప్రశ్న మామూలుగా అమ్మానాన్నలకి వీసా వచ్చాక మొదలవుతుంది. పిల్లలు బడికి, మనం ఆఫీసుకి వెళ్ళిపోయాక, కారు నడపడం రాని పెద్దవాళ్ళకి ఆరు నెలలపాటు ఊరి కబుర్లు చెప్పేది ఆ టీవీయే. పైగా అక్కడి రాత్రి తొమ్మిది గంటల వార్తలు ఇక్కడ తూర్పు తీరంలో పొద్దున పదిన్నరకో పదకొండున్నరకో వస్తాయి. అంటే సరిగ్గా ఇంట్లో మనం లేని సమయమన్నమాట. టీవీ మొరాయిస్తే ఆఫీసులో మీటింగు మధ్యలో మనకి ఫోను వస్తుంది.

మరి రోకు కొనాలా, ఫైర్ టీవీయా, ఆపిల్ టీవీయా, గూగుల్ టీవీయా? మిత్రులు అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. పెట్టె సంగతి తరవాత, ముందు చూడబోయే ఛానళ్ళ జాబితా రాసుకోండి. ఎందుకో చూద్దాం.

పెట్టె లోపల ఏముంది?

ఇవన్నీ నిజానికి చిన్న కంప్యూటర్లు. 2008 మేలో రోకు తన మొదటి పెట్టెని వంద డాలర్లకి అమ్మినప్పుడు అందులో నెట్‌ఫ్లిక్స్ ఒక్కటే వచ్చేది. ఇప్పుడు అన్నిట్లోనూ వందలకొద్దీ యాప్‌లున్నాయి. కానీ వీటి ఆపరేటింగ్ సిస్టంలు వేరు. రోకుది సొంత సిస్టం, దాని యాప్‌లు బ్రైట్‌స్క్రిప్ట్ అనే సొంత భాషలో రాయాలి. ఆపిల్ టీవీలో నడిచేది టీవీఓఎస్. గూగుల్ టీవీ ఆండ్రాయిడే. ఫైర్ టీవీలో చాలా ఏళ్ళుగా ఉన్న ఫైర్ ఓఎస్ కూడా ఆండ్రాయిడ్ నుంచి పుట్టిందే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి దీని పర్యవసానం మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. ఆండ్రాయిడ్ యాప్ ఉన్న చిన్న తెలుగు సంస్థ కొద్దిపాటి శ్రమతో గూగుల్ టీవీకి, ఫైర్ టీవీకి రాగలదు. రోకుకి రావాలంటే చాలా భాగం మళ్ళీ మొదటినుంచి రాయాలి. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ ఏ పెట్టెలోనైనా ఉంటాయి. చిక్కంతా మన తెలుగు యాప్‌లతోనే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 2025లో అమెజాన్ తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్ లేదు, దాని బదులు వేగా అనే కొత్త సిస్టం పెట్టారు. పాత ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నేరుగా నడవవు. బయటి నుంచి యాప్ ఎక్కించుకునే సౌకర్యమూ లేదు. పేరులో ఫైర్ టీవీ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే అనుకోకండి.

కాబట్టి ఆహా, యప్ టీవీ, సన్ నెక్స్ట్, జీ5, ఈటీవీ విన్, స్లింగ్ వారి తెలుగు ప్యాకేజీ, క్రికెట్‌కి విల్లో - వీటిలో మీకు కావలసినవి రాసుకుని, కొనబోయే పెట్టె స్టోరులో అమెరికా ఖాతాతో వెతకండి. ఫోనులో ఉంది కదా అని టీవీలోనూ ఉంటుందనుకోవద్దు. ప్రసార హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి గనక హైదరాబాదులో కట్టిన చందాతో ఇక్కడ అన్నీ వస్తాయన్న నమ్మకమూ లేదు. వార్షిక చందా కట్టేముందు ఒక నెల కట్టి చూడటం మేలు. డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ యాప్ 2022 నవంబరు చివరలో అమెరికాలో మూతపడింది గుర్తుందా? యాప్‌లు ఇలా వస్తుంటాయి, పోతుంటాయి.

వార్తల స్క్రోలింగ్ ఎందుకు కుదుపుతుంది?

అన్నీ బాగున్నా తెర కింద పరిగెత్తే వార్తలు కుదుపుతూ కనిపిస్తే తప్పు మీ ఇంటర్నెట్టుది కాకపోవచ్చు. భారతదేశంలో టీవీ ప్రసారాలు సెకనుకి 25 లేదా 50 బొమ్మల లెక్కన తయారవుతాయి. అమెరికా టీవీలు, ఈ పెట్టెలు మామూలుగా సెకనుకి 60 లెక్కన చూపిస్తాయి. 60 గడుల్లో 50 బొమ్మలు సర్దాలంటే ప్రతి ఐదింటిలో ఒకదాన్ని రెండుసార్లు చూపించాలి. ఆ కుదుపు ఇదే. క్రికెట్‌లో బంతి వెంట కెమెరా తిరిగేటప్పుడు కూడా ఇది కనిపిస్తుంది.

ఆపిల్ టీవీ సెట్టింగుల్లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అనే మీట ఉంది, ఫైర్ టీవీలోనూ ఇలాంటిదే ఉంది. అది ఆన్ చేస్తే పెట్టె ప్రసారానికి తగ్గట్టు తన వేగం మార్చుకుంటుంది. అయితే యాప్ సహకరించాలి, మీ టీవీ కూడా 50 హెర్ట్జ్ సిగ్నల్ తీసుకోగలిగి ఉండాలి.

రిమోట్ సంగతి

మనం ప్రాసెసర్ చూసి కొంటాం, పెద్దవాళ్ళు వాడేది రిమోట్. రోకు తెర మీద గళ్ళు గళ్ళుగా యాప్‌లు, రిమోట్‌లో కొద్దిపాటి మీటలు. ఇది పెద్దవాళ్ళకి త్వరగా అలవాటవుతుంది. ఆపిల్ రిమోట్‌లో వేలు జారితే బొమ్మ ఎటో పోతుంది, సెట్టింగుల్లో క్లిక్ మాత్రమే పనిచేసేట్టు మార్చేయండి. ఫైర్ టీవీ మొదటి తెర నిండా ప్రకటనలుంటాయి, వాళ్ళ యాప్‌ని ముందు వరసలోకి జరపండి. గూగుల్ టీవీ స్ట్రీమర్‌లో, రోకు అల్ట్రాలో పెట్టె మీదున్న మీట నొక్కితే సోఫా సందులో దాక్కున్న రిమోట్ కూత పెడుతుంది. ఏది కొన్నా హెచ్‌డీఎంఐ-సీఈసీ ఆన్ చేసి పెడితే ఒకే రిమోట్‌తో టీవీ కూడా వెలుగుతుంది.

అన్ని ఛానళ్ళూ ఉచితం అనే పెట్టె

చివరగా అసలు ముఖ్యమైన మాట. ఒకసారి డబ్బు కడితే చాలు, నెల చందా లేకుండా అన్ని భారతీయ ఛానళ్ళూ వస్తాయంటూ అమ్మే పెట్టెలు మీరూ చూసే ఉంటారు. ఎవరి హక్కులూ కొనకుండా ఇచ్చే ప్రసారాలు ఏ రోజైనా ఆగిపోవచ్చు, అడగడానికి ఎవరూ దొరకరు. మా మిత్రుడొకరి ఇంట్లో సరిగ్గా నాలుగు నెలలే పనిచేసింది.

డబ్బు పోవడం చిన్న నష్టం. 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ బాడ్‌బాక్స్ 2.0 గురించి హెచ్చరిక జారీచేసింది. ఊరూ పేరూ లేని కొన్ని ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో దొంగ సాఫ్ట్‌వేర్ కొనక ముందే ఉంటుంది, లేదా అమర్చుకునేటప్పుడు చేరుతుంది. ఆ తరవాత నేరగాళ్ళు మీ ఇంటి ఇంటర్నెట్ చిరునామా వెనక దాక్కుని తమ పనులు చేసుకుంటారు. మరుసటి నెల గూగుల్ వేసిన దావా ప్రకారం ఇలాంటి పరికరాలు కోటికి పైనే ఉన్నాయి. గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆపెయ్యమని ఏ పెట్టైనా అడిగితే అక్కడే ఆగిపోండి.

మన ఆఫీసు లాప్‌టాప్ కూడా అదే వైఫై మీద ఉంటుందని మరిచిపోకూడదు. వీసా మీద ఉన్నవాళ్ళకి, ఏ నేరమో మన ఇంటి చిరునామా నుంచి జరిగిందంటే, సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. ఇలాంటి పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రోజే తీసెయ్యండి. మంచి పెట్టెల్ని కూడా గెస్ట్ నెట్‌వర్క్ మీద ఉంచడం నయం.

ఇంతకీ ఏది?

ఆండ్రాయిడ్ యాప్‌ల మీద ఆధారపడేవాళ్ళకి గూగుల్ టీవీ. పెద్దవాళ్ళ తేలిక ముఖ్యమై, కావలసిన యాప్‌లన్నీ అందులో దొరికితే రోకు. ప్రకటనల గొడవ వద్దనుకుంటే, క్రికెట్ బాగా చూస్తే, ఖర్చుకి వెనకాడకపోతే ఆపిల్ టీవీ. ప్రైమ్ ఎక్కువగా చూసేవాళ్ళకి ఫైర్ టీవీ, వేగా సంగతి చూసుకుని.

ఏది కొన్నా అమ్మానాన్నలు దిగడానికి రెండు వారాల ముందే బిగించండి. వాళ్ళు వచ్చాక రిమోట్ వాళ్ళ చేతికిచ్చి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. ఎవరి సాయం లేకుండా వార్తల దాకా వెళ్ళగలిగితే మీరు సరైన పెట్టే కొన్నట్టు.