కాపలాదారు ఇంటికే కన్నం

ఒక కంప్యూటర్‌ నుంచి మరొక కంప్యూటర్‌కు ఫైళ్లను చేరవేసే పద్ధతులలో ఎఫ్‌టీపీ పాతది. వెబ్‌సైట్ల నిర్వాహకులు తమ పేజీలను సర్వర్‌లోకి ఎక్కించడానికి ఏళ్ల తరబడి దీనినే వాడారు. లినక్స్‌ సర్వర్లలో ఈ పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ప్రొఎఫ్‌టీపీడీ పేరెన్నికగన్నది. 2010లో దానికి రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలాయి.

మొదటిది ‘బఫర్‌ ఓవర్‌ఫ్లో’ అనే లోపం. బయటి నుంచి వచ్చే అక్షరాలను ఉంచుకునేందుకు ప్రోగ్రాం మెమరీలో కొంత జాగా కేటాయించుకుంటుంది. అదే బఫర్‌. చిట్టా పుస్తకంలో పేరు గడి నిండినా రాయడం ఆపకపోతే అక్షరాలు పక్కనున్న సొమ్ము గడిలోకి పాకుతాయి. పుస్తకంలోనైతే గుమాస్తా గుర్తిస్తాడు. యంత్రానికి ఆ విచక్షణ లేదు, పక్క గడిలో ఉన్నదే నిజమని నమ్ముతుంది. తరువాత ఏ ఆదేశం అమలు కావాలో తెలిపే చిరునామా కూడా ఆ పక్కనే ఉంటుంది. దానిని చెరిపి తన చిరునామా రాయగలిగినవాడి చేతికి సర్వర్‌ పగ్గాలు చిక్కుతాయి.

ప్రొఎఫ్‌టీపీడీ కొలత చూసుకోకుండా రాసిందనుకుంటే పొరపాటు. అక్షరానికి ఒకటి చొప్పున మిగులు తగ్గించుకుంటూ సున్నాకు రాగానే ఆగేది. అయితే టెల్నెట్‌ కాలంనాటి 255వ సంఖ్య గల ప్రత్యేక గుర్తు వచ్చినప్పుడు మాత్రం ఒకేసారి రెండు తగ్గించేది. ఒక్క చోటే మిగిలి ఉండగా ఆ గుర్తు వస్తే లెక్క సున్నా వద్ద నిలవకుండా దాటిపోయేది. ఇక ఆగేదెక్కడ? పాస్‌వర్డ్‌ తెలియనివారు సైతం దూరస్థంగా ఈ దాడి చేయగలగడం గమనార్హం. సీవీఈ-2010-4221గా నమోదైన ఈ లోపాన్ని అక్టోబరు చివర వచ్చిన 1.3.3సి వెర్షన్‌లో సరిదిద్దారు.

కథ అక్కడితో ముగియలేదు. నవంబరు 28న దుండగులు ఆ సంస్థ ప్రధాన సర్వర్‌లోకే చొరబడి, 1.3.3సి మూల ఫైళ్లను మార్చి దొంగదారి అమర్చారు. ‘హెల్ప్‌’ ఆదేశం పక్కన ఒక రహస్య పదం చేరిస్తే చాలు, సర్వాధికారాలూ దక్కేవి. ప్రధాన సర్వర్‌ నుంచి ప్రతులు తీసుకునే ఇతర సర్వర్లకూ అది పాకింది. లోపం సవరించుకుందామని శ్రద్ధగా కొత్త ప్రతి దించుకున్నవారే ఈ ఉచ్చులో పడ్డారు. మరమ్మతు చేయని ఎఫ్‌టీపీ లోపం ద్వారానే చొరబాటు జరిగి ఉండవచ్చని నిర్వాహకులు అంగీకరించారు.

డిసెంబరు 1న మోసం బయటపడగా, ఆ తరువాత అసలు ఫైళ్లను పునరుద్ధరించారు. ఆ రోజుల్లో దించుకున్నవారు తమ సర్వర్లను తనిఖీ చేసుకుని, ఫైళ్లను పీజీపీ సంతకంతో సరిపోల్చుకున్నాకే తిరిగి స్థాపించాలని సూచించారు.