మందుల కంటె ముందుచూపు చౌక

కడోదరా (సూరత్ జిల్లా): జాతీయ రహదారిపై వస్త్ర మిల్లుల నడుమ ఉన్న ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో పాడి నేటికీ జీవనాధారమే. ఈ జిల్లా పాలు సుముల్ సహకార డెయిరీకి చేరుతాయి.

గేదెకు పొదుగువాపు వస్తే దెబ్బ మందుల బిల్లుతో ఆగదు. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ, ఆపిన తరువాత మరికొన్ని రోజులూ ఆ పాలు అమ్మరాదు. తరచు ఈ రెండవ నష్టమే పెద్దది.

మొదటి ఖర్చు తగ్గించేందుకు కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ‘పశు ఔషధి’ని ఆమోదించింది. జెనరిక్ పశుమందులను కిసాన్ సమృద్ధి కేంద్రాలు, సహకార సంఘాల ద్వారా విక్రయించాలన్నది ఉద్దేశం. కేటాయింపు 75 కోట్ల రూపాయలు. దేశమంతటి పశుసంపదకు ఇది స్వల్పమే.

రెండవ నష్టానికి మందు రైతు చేతిలోనే ఉంది. పాలు పితికాక చనుమొనల రంధ్రాలు కొంతసేపు తెరుచుకొనే ఉంటాయి. ఆ అరగంట పశువు పేడలో పడుకోకుండా మేత వేసి నిలబెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాలు కూడా ఉచితమే. అయితే బ్రూసెల్లోసిస్ టీకా ఆడ దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులోనే వేస్తారు.