చేతి చెక్కలా, పొడుగు తెడ్డా?

ఖిల్లా ఘణపూర్‌లో రెండు గుట్టలను కలుపుతూ లేచిన కోట ఒకవైపు, దాని చెంతనే గణపసముద్రం చెరువు మరోవైపు. రెండూ కాకతీయుల కాలంలో గోన గణపారెడ్డి కట్టించినవని చెబుతారు. ఇలాంటి చెరువుల్లో చేపలు పట్టేవాళ్లకు పెద్ద పడవలతో పనిలేదు. కొందరు లారీ ట్యూబులో గాలి నింపి, నడుమ తాళ్లు అల్లుకుని కూర్చుంటారు. మరికొందరు థర్మకోల్ దిమ్మలను సంచిలో పెట్టి కుట్టి తెప్ప చేసుకుంటారు. కాళ్లు నీళ్లలో వేలాడుతుంటే, రెండు చేతుల్లో చిన్న చెక్క ముక్కలు పట్టుకుని నీటిని వెనక్కి నెడతారు. వల వేసే చోటు రాగానే చెక్కలు ఒళ్లో పడతాయి, చేతులు వలకు దక్కుతాయి.

అదే కృష్ణ మీదికి పోతే లెక్క మారుతుంది. జూరాల దగ్గరా, సోమశిల దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లోనూ తిరిగేది పుట్టి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట అది. ఒకప్పుడు దానికి తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. 16వ శతాబ్దంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తోలు కప్పిన ఇలాంటి బుట్ట పడవల్లో పదిహేను, ఇరవై మంది నది దాటేవారని రాశాడు. పుట్టికి ముందూ వెనకా ఉండవు. తెడ్డును ముందుకు చాచి తనవైపు లాగడం రానివాడు ఎక్కితే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఇక్కడ చేతి చెక్కలు పనికిరావు. అందుకే వేటకు ఇద్దరు వెళతారు. ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు వల వదులుతారు, చాలాసార్లు ఆ ఇద్దరూ భార్యాభర్తలే.

చేతి చెక్కా, పొడుగు తెడ్డా అన్న ఈ పాత సమస్యే ఇప్పుడు హవాయి దీవుల దగ్గర కొత్త ఆటలో తలెత్తింది. దాని పేరు డౌన్‌విండ్ ఫాయిలింగ్. సర్ఫింగ్ బోర్డు అడుగున ముప్పాతిక మీటరు పొడవున్న స్తంభం, దాని కొసన విమానం రెక్కలాంటి ఫాయిల్ ఉంటాయి. వేగం అందుకోగానే ఆ రెక్క బోర్డును నీటిపైకి ఎత్తేస్తుంది. ఇక గాలి వీచే దిక్కుకు, నడి సముద్రపు అలల వాలు మీద కిలోమీటర్ల కొద్దీ జారిపోవచ్చు. తెరచాప లేదు, మోటారు లేదు. 2016లో కై లెన్నీ అనే హవాయి కుర్రాడు మావీ దీవి దగ్గర ఇలా ఎగురుతున్న వీడియో ప్రపంచమంతా తిరిగింది. రెక్క ఊహ మాత్రం పాతదే. ఇటలీలో ఎన్రికో ఫోర్లానినీ 1906లోనే ఫాయిల్ పడవ నడిపాడు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ బృందం తయారుచేసిన పడవ 1919లో గంటకు 114 కిలోమీటర్లు దాటింది.

చిక్కంతా పైకి లేచేదాకానే. రెక్క ఎత్తే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం సగమైతే బలం పావువంతే మిగులుతుంది. కాబట్టి కొద్ది సెకన్లలో శక్తినంతా కూడదీసి తోయాలి. నిలబడి వేసే తెడ్డు రేకు వైశాల్యం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, మనిషి అరచేయి అందులో మూడో వంతు కూడా ఉండదు. పైగా పొడుగు తెడ్డు వేసేటప్పుడు నడుము, వీపు, కాళ్ల బలం కలుస్తుంది. బోర్డు మీద పడుకుని చేతులు ఆడించేవాడికి భుజాలే దిక్కు. ఆ లోటు పూడ్చడానికే కొందరు అరచేతులకు ప్లాస్టిక్ పలకలు తగిలించుకుంటున్నారు.

పలకలూ కొత్తవేం కావు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పిల్లవాడిగా ఉన్నప్పుడు బొటనవేలు దూర్చే రంధ్రంతో కోలగా రెండు చెక్కలు చేసుకుని ఈదాడు. వేగం పెరిగింది కానీ మణికట్లు అలసిపోయాయని తర్వాత తానే రాసుకున్నాడు. నేటి ఫాయిలింగ్‌లో మరో ఇబ్బంది కూడా ఉంది. అలను అందుకోగానే అరచేతులు బోర్డుకు ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడాలి. చేతికి పలక ఉంటే పట్టు జారుతుంది.

అంటే తెడ్డుదే గెలుపా? పైకి లేచేదాకా నిస్సందేహంగా అంతే, అదీ సన్నటి బోర్డు మీద తూలకుండా నిలబడడం వస్తేనే. ఆ తర్వాత అర గంటో గంటో సాగే ప్రయాణంలో తెడ్డుకు పెద్దగా పని ఉండదు. అలసట వచ్చినప్పుడు ఊతమిస్తుంది, తూలినప్పుడు నీటిని తాకి నిలబెడుతుంది, మిగతా సేపంతా చేతిలో మోత. పలకలవాడు ఆ మోత లేకుండా, చేతులు చాచి ఒళ్లు తిప్పుకుంటూ పోతాడు. కాకపోతే నడి సముద్రంలో ఒకసారి పడ్డాడంటే మళ్లీ ఆ భుజాలతోనే మొదటి నుంచి మొదలుపెట్టాలి. తీరానికి దూరంగా వెళ్లేవాడు తెడ్డునే నమ్ముకోవడం మేలు. ఒడ్డు దగ్గర, విరిగే అల దానంతటదే తోసే చోట పలకలు చాలు, ఒక్కోచోట అవీ అక్కర్లేదు.

గణపసముద్రంలో ఈ ఆట కుదరదు. గాలి ఎంత వీచినా, దూరం చాలక అల బలపడదు. చెరువు నాచు రెక్కకు చుట్టుకుంటుంది కూడా. తెలుగు నేల మీద దీనికి తగిన చోటు వెతికితే విశాఖ తీరం కనిపిస్తుంది. అక్కడ ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, వేసవిలో గాలీ దాదాపు అటే వీస్తుంది. నగరం దగ్గర బయల్దేరినవాడిని ఆ గాలి భీమిలి వైపు తోస్తుంది. అయితే ముందు ఒడ్డున విరిగే కెరటాలు దాటి నీళ్లలోకి చేరాలి. ఉత్తరాంధ్ర తెప్ప వేటగాళ్లు ఆ పని తరతరాలుగా పొడుగు తెడ్డుతోనే చేశారు.