కడపటి పెట్రోలు కారు

మా విద్యార్థులు మోటారుబండ్లను గూర్చి అడుగు ప్రశ్నలలో ఈ నడుమ తఱచుగా వినవచ్చునది యొకటి కలదు. "పెట్రోలు కార్లు నిజముగా అంతరించునా?" అని వారడుగుచున్నారు. దీనికి ఔనని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుటకంటె, ఒక కార్ఖానా తన కడపటి పెట్రోలు కారును ముందుగా చాటి లోకముచేత ఎట్లు ఎదురుచూపించెనో, పిమ్మట ఏమి జరిగెనో వివరించుట మేలని మాకు తోచినది.

ఆ కార్ఖానా ఇంగ్లండు తూర్పు భాగమున నార్ఫోకు మండలములో హెథెల్ అను పల్లెయొద్ద నున్నది. దాని పేరు లోటస్, అనగా తామరపువ్వు. పరుగుపందెముల కార్లకును, ఇద్దరు కూర్చుండదగిన చిన్న వేగపు కార్లకును అది పేరుగాంచినది. 2021వ సంవత్సరారంభమున ఆ సంస్థవారు ఎలీజ్, ఎక్సీజ్, ఎవోరా అను తమ మూడు తరగతుల కార్లను ఆ యేటితో నిలిపివేయుదుమని ప్రకటించిరి. కొన్ని నెలలకు, రాబోవు క్రొత్త కారునకు ఎమీరా అని పేరిడి, కేవలము పెట్రోలుతో నడచు తమ కార్లలో ఇదియే కడపటిదనియు, తరువాత వచ్చునవన్నియు విద్యుత్తుతో నడచుననియు తెలిపిరి. అప్పటినుండి ఆ కారును చూడవలెనను ఆతురత పెచ్చుపెరిగెను. క్రొత్త వస్తువును ఎదురుచూచుట సహజమే. కాని వీణలు చెక్కు వడ్రంగి "ఇది నా తుది వీణ" అని చెప్పినచో వినువారి చెవి మఱొక విధముగా సిద్ధపడును గదా! ఎమీరా విషయములోను అట్లే జరిగెను.

ఈ ఎదురుచూపు అర్థమగుటకు ఆ సంస్థ పుట్టుక కొంత తెలియవలెను. కోలిన్ చాప్‌మన్ అనువాడు 1928లో జన్మించి, లండనులో సివిల్ ఇంజనీరింగు అభ్యసించెను. 1948లో, ఇంకను యువకుడై యుండగనే, ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి పందెపు కారును కట్టెను. 1952లో సంస్థను నెలకొల్పెను. 1966లో కార్ఖానాను హెథెల్‌కు మార్చెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికను బాంబు విమానములు ఎగిరిన విమానస్థలము. చాప్‌మన్ పట్టుకొనిన సూత్రము చాల సులభము: బండికి బలము పెంచుటకంటె బరువు తగ్గించుట మేలు. బలము పెంచిన బండి తిన్నని బాటలో మాత్రమే వేగముగా పోవును. బరువు తగ్గిన బండి తిన్నని బాటయందును, మలుపులయందును, ఆగుటయందును కూడ మెఱుగగును. చక్రములును తక్కువ అరుగును. ఈ సూత్రమును నమ్మిన లోటస్ జట్టు, 1963 మొదలు 1978 వఱకు ఫార్ములా వన్ పందెములలో తయారీదారుల ప్రపంచ పదవిని ఏడుమార్లు గెలిచెను.

చాప్‌మన్ 1982లో మరణించినను సూత్రము మరణింపలేదు. 1996లో అమ్మకమునకు వచ్చిన ఎలీజ్ కారే దీనికి నిదర్శనము. దాని చట్రము అల్యూమినియపు పట్టీలను బలమైన జిగురుతో అంటించి చేసినది. బరువు 68 కిలోగ్రాములు మాత్రమే. అనగా ఒక పెద్దమనిషి బరువునకు సమానము! అట్టి ఎలీజ్‌లు 2021 నాటికి 35,000కు పైగా తయారయ్యెను.

ఇక పెట్రోలు యంత్రము పని చేయు తీరు చూతము. సిలిండరు అను గొట్టములో పిస్టను క్రిందికి దిగి గాలిని, పెట్రోలును లోనికి పీల్చును. పైకి వచ్చి ఆ మిశ్రమమును అదుమును. విద్యుత్ రవ్వ తగులగానే అది భగ్గున మండి పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టను మరల పైకి వచ్చి కాలిన వాయువును వెడలగొట్టును. ఈ నాలుగు అడుగులలో బలమునిచ్చునది మూడవది యొక్కటియే. 1876లో జర్మనీ దేశస్థుడైన నికొలాస్ ఓటో ఈ క్రమముతో నడచు యంత్రమును కట్టెను. నేటి పెట్రోలు కారు ఎంత గొప్పదైనను లోపల ఈ నాలుగు అడుగులే నడచుచున్నవి.

పెట్రోలునకు ఇంత ఆదరము కలుగుటకు కారణము దానిలోని శక్తి. ఒక కిలోగ్రాము పెట్రోలులో సుమారు 12 యూనిట్ల విద్యుత్తునకు సమానమైన వేడిమి దాగియున్నది. కారులో నమర్చు బ్యాటరీ యందు, దాని పెట్టెతో సహా తూచినచో, కిలోగ్రామునకు ఇంచుమించు ఐదవ వంతు యూనిటు గాని, అంతకు తక్కువ గాని నిలువయుండును. పెట్రోలు యంత్రము తన వేడిమిలో నాలుగవ వంతో, మూడవ వంతో మాత్రమే పనికి వినియోగించి, తక్కినది వృథా చేయును. విద్యుత్ మోటారన్ననో పదింట తొమ్మిది వంతులు పనిగా మార్చును. ఈ వ్యత్యాసమును లెక్కించినను, బరువునుబట్టి చూచినచో పెట్రోలు ఇరువది రెట్లు మిక్కిలిగానే యుండును.

మఱి దీనిని విడువవలసిన దేమి? ఒక లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోగ్రాము బరువుండును. అది కాలినప్పుడు సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ముప్పాతిక కిలోనుండి రెండు కిలోలకు పైగా ఎట్లు వచ్చెనని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. పెట్రోలులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కూడుటచేత ఆ బరువు కలిగినది. ఆ వాయువు ఆకాశమున పేరుకొని భూమి వేడిని వెలుపలికి పోనీయకున్నది. ఈ కారణమున బ్రిటిష్ ప్రభుత్వము 2020 నవంబరులో, 2030 మొదలు క్రొత్త పెట్రోలు, డీసెలు కార్ల అమ్మకమును నిలుపుదుమని ప్రకటించెను. లోటస్‌వారి నిశ్చయమునకు ఇట్టి శాసనములే నేపథ్యము.

ఇచ్చట ఒక వింత చెప్పవలసియున్నది. 2008లో అమెరికాలోని టెస్లా సంస్థ తన మొదటి విద్యుత్ కారగు రోడ్‌స్టరును విడుదల చేసెను. దానికి ఆధారము ఎలీజ్ కారే. యంత్రము లేని ఆ బండ్లను లోటస్‌వారు హెథెల్‌లోనే కట్టి పంపిరి. కావున పెట్రోలు కార్లకు ప్రతిస్పర్ధియై వచ్చిన బిడ్డ ఆ యింటిలోనే పెరిగినదనవచ్చును. ఐతే రోడ్‌స్టరులోని బ్యాటరీలో 6,831 చిన్న కణములుండెను. దాని బరువు సుమారు 450 కిలోగ్రాములు. 68 కిలోల చట్రముమీద 450 కిలోల బ్యాటరీ! తేలికదనమును వ్రతముగా పట్టినవారికి విద్యుత్తు తెచ్చిన చిక్కు ఇదియే. తరువాత చైనాలోని ఊహాన్ నగరమున లోటస్ పేరుతో తయారైన ఎలెట్రే అను పెద్ద విద్యుత్ కారు దాదాపు 2,500 కిలోగ్రాములు తూగుచున్నది. 2017లో లోటస్‌లో అధిక భాగము చైనా దేశపు గీలీ సంస్థ చేతికి వచ్చినది. పెద్ద కార్లకు కావలసిన మూలధనము అట్లు లభించెను.

2021 జూలై 6వ తేదీన హెథెల్‌లో ఎమీరాపై ముసుగు తీసిరి. దాని తేలికైన రకము బరువు 1,405 కిలోగ్రాములని చెప్పిరి. యంత్రము సీట్ల వెనుక నడిమి భాగమున నుండును. ఒక రకమునందు ఇంగ్లీషు 'వి' అక్షరమువలె రెండు వరుసలుగా తీర్చిన ఆఱు సిలిండర్ల 3.5 లీటర్ల యంత్రము కలదు. గాలిని బలవంతముగా లోనికి నెట్టు సూపర్‌చార్జరు దానికి తోడై 400 అశ్వశక్తి నొసగును. గేర్లను చేతితో మార్చుకొను ఏర్పాటును దీనియందు ఉంచిరి. మఱొక రకమునందు నాలుగు సిలిండర్ల 2 లీటర్ల యంత్రము కలదు.

ఇంతకును ఆ యంత్రములు ఎవరివి? మొదటిది జపానులోని టొయోటావారిది. రెండవది జర్మనీలోని మెర్సిడెస్‌వారి ఏ.ఎం.జి. శాఖది. ఎలీజ్‌లోను మొదట రోవర్ యంత్రమును, పిదప టొయోటా యంత్రమును అమర్చిరి. కావున కడపటి పెట్రోలు కారులో మండు భాగము లోటస్‌వారి స్వంతము కాదు. వారి స్వంతమేమనగా చట్రమును తేలికగా కట్టు నేర్పు, చక్రములను బాటకు అంటిపెట్టుకొనునట్లు చేయు నేర్పు, బాట స్థితిని నడపువాని చేతికి తెలియజేయు నేర్పు. పెట్రోలుతోపాటు ఈ నేర్పులు పోనక్కఱలేదు. బరువుతోపాటు పోవచ్చును. ఈ భేదము గుర్తింపదగినది.

కడపటిదని చెప్పిన దానికి తరువాత ఏమయ్యెను? 2023 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వము 2030 గడువును 2035కు జరిపెను. పిమ్మట వచ్చిన ప్రభుత్వము 2025 ఏప్రిల్‌లో మరల 2030 అనియే స్థిరపఱచి, పెట్రోలును విద్యుత్తును కలిపి నడచు హైబ్రిడ్ కార్లకు 2035 వఱకు అనుమతి నొసగి, కొలది కార్లు మాత్రమే చేయు చిన్న సంస్థలకు సడలింపు నిచ్చెను. ఎదురుచూచినంతమంది విద్యుత్ కార్లను కొనకపోగా, లోటస్‌వారు 2024 నవంబరులో తామును హైబ్రిడ్ కార్లు చేయుదుమని తెలిపిరి. 2025 ఆగస్టులో బ్రిటనులోని తమ పనివారిలో 550 మంది వఱకు తగ్గింపవలసి వచ్చునని ప్రకటించిరి. ఎమీరా అందమును కొనియాడినవారు ఈ మాటను కూడ తలపవలెను. గడువులు మాఱినపుడును, లెక్కలు తప్పినపుడును భారము మొదట మోయువాడు చట్రమునకు జిగురు పూసిన పనివాడే.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును. కొందరు మోటారు మరమ్మతు శాలలలో పని నేర్వవచ్చును. కార్బురేటరు విప్పుట నేర్చిన చేయి బ్యాటరీ తీగెలనును నేర్వవలసిన దినములు వచ్చినవి. కావున ఏ యంత్రమునైనను నేర్చునపుడు దాని భాగముల పేళ్ళతో తృప్తినొందక, అది ఎందుకట్లు నిర్మింపబడెనో విచారింపుడు. పేళ్ళు మాఱును; కారణములు నిలుచును. నాలుగు అడుగుల యంత్రము ఒకనాడు వస్తుప్రదర్శనశాలలో చేరినను, అనవసరమైన బరువును తీసివేయుట అను పాఠము ఏ శక్తితో నడచు బండికైనను అక్కఱకు వచ్చును.

పెట్రోలు అంతరించునా యని అడిగిన పిల్లలకు మా ప్రత్యుత్తరమిది: అది పోవు దారిలోనే యున్నది గాని, ప్రకటించిన దినముననే పోవునని తలపకుడు. భూమియు, దాని గర్భమందలి నూనెయు, పైనున్న గాలియు మనకు దేవుడు అప్పగించినవి. నమ్మకమైన గృహనిర్వాహకుడు యజమానుని సొత్తును కాపాడుచు, తన క్రింద పనిచేయువారి కూటికి లోపము రానీయక లెక్క యొప్పగించును. పెట్రోలును విడిచి విద్యుత్తునకు మాఱువారు ఈ రెండు ధర్మములను కలిపి నెఱవేర్చినప్పుడే ఆ మార్పు మేలైనదని మేము తలంచెదము.