ఇంటి ఆట, పోటీ ఆట: క్యారమ్ నియమాలలోని భేదాలు

ఆటకు నియమమే ప్రాణం. నియమం లోపించిన ఆట వినోదాన్ని ఇవ్వకపోగా కలహానికి దారితీస్తుంది. అయితే ఒకే ఆటకు రెండు మూడు విధాల నియమాలు వాడుకలో ఉన్నప్పుడు దేనిని ప్రమాణంగా గ్రహించాలన్న ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పిన్నలూ పెద్దలూ ఎరిగిన క్యారమ్ ఆట ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. మిర్యాలగూడలో నేర్చిన ఆట ఒక తీరు, గద్వాలలో నేర్చినది మరొక తీరు కావచ్చును. ఆ ఇద్దరు విద్యార్థులూ కళాశాలలో ఒకే బల్లకు ఇరువైపులా కూర్చున్నప్పుడు, ఒకరికి న్యాయమైనది మరొకరికి మోసంగా తోచే ప్రమాదం ఉన్నది. కనుక ఈ భేదాలను విద్యార్థి మిత్రుల ముందుంచుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

మెట్ట ప్రాంతాలైన మన జిల్లాలలో వేసవి మధ్యాహ్నం బయట ఆడుట కష్టం. ఇంటి వసారాలో నాలుగు గోడల నీడన ఆడదగిన ఆట కావడం చేతనే క్యారమ్‌కు ఇంతటి ఆదరణ లభించినది. స్త్రీలు, బాలికలు కూడా పురుషులతో సమానంగా ఆడగలగడం దీని విశేషం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ‘గోటీ’ అన్నదే తెలుగు ఇళ్ళలో ‘కాయిన్’. అక్కడి ‘రాణి’ ఇక్కడ ‘రెడ్’. పేర్లు వేరైనా బల్ల ఒక్కటే.

నియమావళి పుట్టుక

చాలాకాలం ఇళ్ళలోనూ వీధి అరుగుల పైనా సాగిన ఈ ఆటకు దేశమంతటా ఒకే కట్టుబాటు కల్పించే పనిని 1956లో ఏర్పడిన అఖిల భారత క్యారమ్ సమాఖ్య చేపట్టినది. 1988లో చెన్నై నగరంలో అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య స్థాపితమైనది. ప్రపంచ పోటీలు నేడు ఈ సమాఖ్య నియమావళిని అనుసరించియే జరుగుతున్నవి. ఈ ఆటలో ప్రపంచ విజేతగా నిలిచిన మరియ ఇరుదయం 1996 సంవత్సరపు అర్జున పురస్కారం పొందినాడు. మన హైదరాబాదుకు చెందిన ఎస్. అపూర్వ 2016లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మహిళల ప్రపంచ విజేత అయినది. చెన్నైలో ఆటో నడిపే ఒకరి కుమార్తె ఎం. ఖజీమా 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో 3 స్వర్ణ పతకాలు గెలుచుకొన్నది. ఇంటి వసారాకు, ప్రపంచ వేదికకు నడుమ ఉన్న దూరం దాటరానిది కాదని వీరి విజయాలు చాటుతున్నవి. ఆ దూరం దాటుటకు నైపుణ్యంతో పాటు నియమ పరిజ్ఞానమూ అవసరం.

లెక్కించే పద్ధతి

అన్నిటికన్న పెద్ద భేదం లెక్కలో ఉన్నది. ఇళ్ళలో ఎక్కువగా ఆడేది పాయింట్ల ఆట. ఎవరైనా ఏ రంగు కాయిన్‌నైనా కొట్టవచ్చును. అనేక చోట్ల నల్ల కాయిన్‌కు 10, తెల్ల కాయిన్‌కు 20, రెడ్‌కు 50 పాయింట్లు. కొన్ని ఇళ్ళలో ఈ విలువలు సగానికి తగ్గుతవి.

పోటీ ఆటలో రంగుకు విలువ భేదం లేదు. మొదటి దెబ్బ కొట్టినవారివి 9 తెల్లవి, ఎదుటివారివి 9 నల్లవి. తన 9 కాయిన్లను ముందుగా జేబులలో వేసినవారు ఆ బోర్డు గెలిచినట్లు. బల్లపై మిగిలిన ఎదుటివారి కాయిన్లు ఎన్నియో అన్ని పాయింట్లు లభిస్తవి. గెలిచినవారే రాణిని కూడా దక్కించుకొని ఉంటే మరి 3 పాయింట్లు కలుస్తవి. ఓడినవారు రాణిని పొంది ఉంటే ఆ 3 పాయింట్లు ఎవరికీ చెందవు. ముందుగా 25 పాయింట్లు చేరినవారిది, లేదా 8 బోర్డులు ముగిసేసరికి ఆధిక్యంలో ఉన్నవారిది ఒక గేము. 22 పాయింట్లు చేరిన పిమ్మట రాణి విలువ లెక్కకు రాదు.

ఒక ఉదాహరణ చూతము. నల్లవి ఆడినవారు తమ 9 కాయిన్లూ ముగించినారు. ఎదుటివారు 4 తెల్లవి, రాణి దక్కించుకొన్నారు. పోటీ లెక్కలో నల్లవి ఆడినవారు 5 పాయింట్లతో బోర్డు గెలిచినారు. అవే కాయిన్లను ఇంటి లెక్కతో కూడితే నల్లవారికి 90, తెల్లవారికి 80, రెడ్‌తో కలిపి 130. బల్ల ఒక్కటే, దెబ్బలు అవే, అయినా మొదటి లెక్కలో గెలిచినవారు రెండవ లెక్కలో వెనుకబడినారు. నియమం మారితే విజేతయే మారునని దీనివలన స్పష్టమగుచున్నది.

రాణి, ఫాలో

రాణిని కొట్టిన వెంటనే మరొక కాయిన్ వేయవలెననే ‘ఫాలో’ నియమం రెండు ఆటలలోనూ ఉన్నది. ఫాలో తప్పితే రాణి తిరిగి మధ్య వలయానికి చేరవలసినదే. అయితే ఇళ్ళలో ఆట ఆరంభం నుండియే రెడ్‌ను కొట్టనిస్తారు. పోటీలో ముందుగా తన రంగు కాయిన్ ఒక్కటైనా వేసినవారికే రాణిని కొట్టే అర్హత లభిస్తుంది. అట్లే ఒకే దెబ్బకు రాణి, తన కాయిన్ కలిసి పడితే, కొన్ని ఇళ్ళలో మరల ఫాలో కొట్టమంటారు. పోటీలో అది ఫాలో అయినట్లే. రాణి బల్లపై ఉండగా తన ఆఖరి కాయిన్‌ను వేసినవారు పోటీ ఆటలో ఆ బోర్డును కోల్పోతారు.

బొటనవ్రేలు, స్ట్రైకరు

అధికారిక నియమాలన్నీ ఇంటి నియమాలకంటె కఠినమని తలచుట పొరపాటు. బొటనవ్రేలితో కొట్టరాదని అనేక ఇళ్ళలో గట్టి నిషేధం ఉన్నది. అంతర్జాతీయ నియమావళి మాత్రం బొటనవ్రేలితో సహా ఏ వ్రేలితోనైనా కొట్టుటకు అనుమతిస్తున్నది. స్ట్రైకరును నెట్టరాదు, కొట్టవలెను అన్నదే దాని పట్టుదల. కనుక పోటీలో ఎదుటివారు బొటనవ్రేలు వాడితే తప్పని వాదించువారే నియమం ఎరుగనివారవుతారు.

స్ట్రైకరు ఉంచే విషయంలో మాత్రం పోటీ నియమం సూక్ష్మమైనది. అది ముందు గీతలు రెండింటినీ తాకవలెను. చివర ఉన్న ఎర్ర చుక్కపై ఉంచదలిస్తే దానిని పూర్తిగా కప్పవలెను, లేదా దానికి దూరంగా ఉండవలెను. సగం తాకుట తప్పు. మూలల వైపు సాగే బాణపు గీతలను చేయి దాటరాదు. ఆటగాడు కూర్చున్నచోటు నుండి లేవరాదు, కుర్చీని జరుపరాదు. దెబ్బకు 15 సెకండ్లే గడువు. స్ట్రైకరు బరువు 15 గ్రాములు మించరాదు. ఇళ్ళలో లేచి నిలబడి, వంగి కొట్టే అలవాటున్న వారికి ఈ నియమాలు మొదట ఇబ్బంది కలిగిస్తవి.

ఫైన్

స్ట్రైకరు జేబులో పడితే ఇళ్ళలో ‘ఫైన్’ అని, పోటీలో ‘డ్యూ’ అని ఒక కాయిన్‌ను తిరిగి బల్లపై పెట్టవలెను. పెట్టేది ఎవరు అన్నచోటనే భేదం. చాలా ఇళ్ళలో తప్పు చేసినవారే దానిని మధ్యలో ఉంచుతారు. పోటీలో ఎదుటివారు దానిని పెద్ద వలయం లోపల తమకు నచ్చినచోట ఉంచుతారు. ఈ చిన్న భేదం ఆట గతినే మార్చగలదు. ఎదుటివారి కాయిన్‌ను పొరపాటున వేస్తే పోటీలో వంతు మాత్రమే పోతుంది, కాయిన్ జేబులోనే ఉంటుంది. కొన్ని ఇళ్ళలో దానిని బయటకు తీసి, పైగా ఫైన్ కూడా వేస్తారు.

ఈ భేదాలకు కారణం

ఇంటి నియమాలు అజ్ఞానం నుండి పుట్టినవి కావు. పోటీ ఆటకు ఇద్దరో నలుగురో కావలెను. ఇంట ముగ్గురు తోబుట్టువులుంటే పాయింట్ల ఆటయే శరణ్యం. ఏ రంగునైనా కొట్టవచ్చునన్న వెసులుబాటు చేయి తిరగని చిన్నవారిని కూడా ఆటలో నిలుపుతుంది. ఎదుటివారు ఎవరో తెలిసిన ఇంట ఆ కట్టుబాటు చాలును. అపరిచితులు కలిసినచోట మాత్రం అది చాలదు.

ఈ పరిస్థితి క్యారమ్‌కే పరిమితం కాదు. పాశ్చాత్య దేశాలలో ప్రసిద్ధమైన ఎయిట్ బాల్ పూల్ ఆటలోనూ ఇట్టి భేదమే ఉన్నది. మొదటి దెబ్బకే 8వ నంబరు బంతి పడితే ఆట గెలిచినట్లేనని అనేక మద్యశాలలలో భావిస్తారు. ప్రపంచ నియమావళి దానిని గెలుపుగా అంగీకరించదు. ఎదుటివారు తప్పు చేస్తే తెల్ల బంతిని బల్లపై ఎక్కడనైనా ఉంచవచ్చునని నియమావళి అంటే, గీత వెనుక మాత్రమే ఉంచవలెనని వాడుక అంటుంది. అక్కడి తగవులూ ఇక్కడి తగవుల వంటివే.

కర్తవ్యం

ముందుగా చెప్పని నియమంతో శిక్షించుట న్యాయం కాదు. గ్రామం నుండి వచ్చి తొలిసారి పోటీలో కూర్చున్న విద్యార్థి, తాను ఎన్నడూ వినని తప్పుకు వంతు కోల్పోతే, ఆటపైననే కాక కళాశాలపై కూడా నమ్మకం సడలుతుంది. ఎదుటివారి భాష వేరైనప్పుడు ఆ చిన్న అనుమానం పెద్ద అపార్థంగా మారుటకు ఎంతో సేపు పట్టదు.

కావున కళాశాల కమిటీ వారికి ఒక మనవి. పోటీలకు వారం రోజుల ముందే అంతర్జాతీయ నియమావళి సారాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ ఒకే కాగితంపై వ్రాయించి విశ్రాంతి గది గోడకు తగిలించవలెను. ఆంగ్లం అంతగా రానివారికి ఇది మేలు చేస్తుంది. విద్యార్థులకు కూడా ఒక మాట. స్నేహితులతో ఆడునప్పుడు ఇంటి నియమాలతోనే హాయిగా ఆడుడు. కాని స్ట్రైకరు పట్టుటకు ముందే బొటనవ్రేలు ఉన్నదా, రెడ్ ఎప్పుడు, ఫైన్ ఎవరు పెట్టవలె అన్న మూడు ప్రశ్నలకు సమాధానం కుదుర్చుకొనుడు. ముందుగా ఒప్పుకొన్న నియమం ఏదైనా న్యాయమైనదే. అట్టి ఆటలో ఓడినవారు కూడా నవ్వుతూ లేవగలరు.