మీకు తెలుసా? థోరియాన్ని దాచుకున్న ఇసుక రేణువు

భీమిలి తీరపు ఇసుకలో కనిపించే మోనజైట్ అనే తేనెరంగు ఖనిజం, రేడియోధార్మిక థోరియాన్ని కోట్ల ఏళ్లుగా తన లోపలే పెట్టుకుని కూడా స్ఫటిక రూపం చెడకుండా నిలిచి ఉంది.

మోనజైట్ ఒక ఫాస్ఫేట్. మన దేశపు మోనజైట్‌లో నూటికి 8 నుంచి 10 పాళ్లు థోరియం ఆక్సైడే. థోరియం పరమాణువు విచ్ఛిన్నమై ఆల్ఫా కణాన్ని వదిలినప్పుడల్లా ఆ కుదుపుకి చుట్టుపక్కల వందలాది పరమాణువులు చోటు తప్పుతాయి. ఇలాంటి దెబ్బలకే జిర్కాన్ అనే సిలికేట్ ఖనిజం కాలక్రమంలో స్ఫటిక అమరిక కోల్పోయి గాజులా మారిపోతుంది. మోనజైట్‌లో మాత్రం చెదిరిన పరమాణువులు పెద్దగా వేడి లేకుండానే తిరిగి తమ వరుసలోకి సర్దుకుంటాయి. తన గాయం తనే మాన్పుకునే రాయి! నీటిలోనూ ఇది సులువుగా కరగదు.

ఈ గుణం చూసే, 1980 ప్రాంతంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు అణు వ్యర్థాలను కృత్రిమ మోనజైట్‌లో బంధించే ఆలోచనను పరీక్షించారు. ఆ వ్యర్థాల్లో ఉండే ప్లుటోనియం-239 అర్ధాయువు సుమారు 24,000 ఏళ్లు. అంతకాలం నమ్మదగిన పాత్ర కావాలి కదా. నేటికీ ఎక్కువగా వాడుతున్నది బోరోసిలికేట్ గాజునే. అయితే ప్లుటోనియం లాంటి మొండి మూలకాల కోసం ఫాస్ఫేట్ సిరామిక్‌లపై పరిశోధన సాగింది.

అన్నట్టు, దేశంలో మోనజైట్ నిల్వలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే.